కాటన్: పత్తితో పొత్తు లేని ఒక ఆంగ్ల ఇంటిపేరు

గోదావరి జిల్లాలలో కాటన్ దొర పేరు తెలియనివారు ఉండరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల ఆ ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు అపర భగీరథుడయ్యాడు. ఊరూరా విగ్రహమయ్యాడు, చివరకు బ్యారేజి పేరూ అయ్యాడు. అయితే ఆ పేరు విన్న తెలుగువారికి వెంటనే తోచే అర్థం నూలు బట్ట. దుకాణంలో కాటన్ చీర అంటాం, ఆనకట్ట దగ్గర కాటన్ దొర అంటాం, రెండు చోట్లా ఉన్నది ఒకే మాట అనుకుంటాం. దొరగారి పూర్వికులెవరో పత్తి వ్యాపారులో నేతగాళ్లో అయి ఉంటారని, మన కంసాలి, కుమ్మరి పేర్ల లాగా అదీ ఒక వృత్తినామమని ఊహించడం సహజం. ఇంగ్లండులో కూడా ఈ పేరును మొదటిసారి విన్నవారు చాలామంది అలాగే అనుకుంటారు. అక్షరక్రమం ఒకటే, ఉచ్చారణ ఒకటే. అయినా ఈ రెండు మాటల పుట్టుక వేరు, భాషాకుటుంబం వేరు, ఇంగ్లండుకు చేరిన కాలం వేరు. ఒక ఇంటిపేరు తన గురించి తాను ఎంత తప్పుగా చెప్పగలదో చూడడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

బట్టకు పేరైన మాట అరబ్బీ భాషలోని కుత్న్ నుంచి పుట్టింది. అది మధ్యధరా వర్తకంతో పాటు ప్రాచీన ఫ్రెంచిలోకి వచ్చి, అక్కడి నుంచి 13, 14 శతాబ్దాలలో ఆంగ్లంలోకి దిగింది. అప్పటి ఇంగ్లండులో పత్తి దూరదేశపు సరుకు. కొవ్వొత్తుల వత్తులకు, కవచాల కింద తొడిగే దుస్తులలో కూరడానికి వాడేవారు. పత్తితో బట్ట నేసి దాని మీద బతికే వర్గం ఆ దేశంలో ఇంకా ఏర్పడలేదు. ఇంగ్లండు ఆ రోజుల్లో పూర్తిగా ఉన్ని దేశం. అక్కడి ఇంటిపేర్లు కుదురుకొన్న కాలం కూడా అదే కాబట్టి, ఉన్ని పరిశ్రమలోని దాదాపు ప్రతి పనికీ ఒక ఇంటిపేరు మిగిలింది. నేసినవాడు వెబ్ లేదా వెబ్‌స్టర్ అయ్యాడు, రంగు వేసినవాడు డయర్ లేదా లిస్టర్ అయ్యాడు. నేసిన ఉన్ని గుడ్డను నీళ్లలో నానవేసి, తొక్కి, చిక్కబరిచే పనివాడికైతే మూడు పేర్లున్నాయి: ఆగ్నేయంలో ఫుల్లర్, నైరుతిలో టక్కర్, ఉత్తరాన వాకర్. ఒకే పనికి ప్రాంతానికొక పేరు ఉండడం వల్ల ఆ వృత్తి ఎంత విస్తారంగా సాగిందో అర్థమవుతుంది. పత్తికి అటువంటి పరివారం లేదు. 16వ శతాబ్దంలో పేరు మోసిన 'మాంచెస్టర్ కాటన్లు' సైతం నిజానికి ఉన్ని బట్టలే. నూగు పైకి లేచేటట్లు తయారు చేసేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ స్థావరం పెట్టింది 1611లో. మన తీరపు కలంకారీ అద్దకాలు ఆంగ్లేయుల ఇళ్లలో పరచుకొన్నది ఆ తరువాత. అప్పటికి కాటన్ అనే ఇంటిపేరుకు నాలుగైదు శతాబ్దాల వయస్సుంది.

మరి ఆ పేరు ఎక్కడిది? ప్రాచీన ఆంగ్లంలో 'కొట్' అంటే చిన్న గుడిసె, పాక. కాటేజీ అనే మాట కూడా దీని సంతానమే. మన కొట్టంతో దీనికి చుట్టరికం కలపాలని ఎవరికైనా తోస్తుంది కాని, పత్తిని ఇంటిపేరుతో కలిపిన పొరపాటు లాంటిదే అదీ. విలియం రాజు 1086లో చేయించిన డూమ్స్‌డే భూమి లెక్కలలో గుడిసెవాసులు ఒక ప్రత్యేక వర్గంగా నమోదయ్యారు. కొద్దిపాటి నేల, పెరడు మాత్రమే ఉండి, దొరగారి పొలంలో పని చేసి పొట్టపోసుకొనే జనం వారు. అటువంటి గుడిసెల గుంపు ఉన్న చోటును చుట్టుపక్కలవారు 'ఏట్ కొటుమ్', అంటే గుడిసెల దగ్గర, అని చెప్పుకొనేవారు. కొటుమ్ అన్నది కొట్ అనే మాటకు చతుర్థీ విభక్తి బహువచన రూపం. ఏట్ అనే ముందుమాట క్రమంగా రాలిపోయింది, విభక్తి ప్రత్యయం మాత్రం మాటకు అంటుకొని ఉండిపోయింది. ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండును జయించిన నార్మన్ల రాక తరువాత ఆంగ్లంలో విభక్తులన్నీ అరిగిపోతూ చివరి 'ఉమ్' కాస్తా 'అన్' అయినప్పుడు కొటుమ్ కాటన్ అయింది. కొన్ని చోట్ల మకారం నిలిచింది; కాటమ్, కోథమ్ అనే ఊళ్లు, ఆ ఊళ్ల పేర్లు ఇంటిపేర్లుగా గల కుటుంబాలు అలా వచ్చినవే. కేంబ్రిడ్జ్ పక్కన ఉన్న కోటన్ గ్రామం అచ్చు దీర్ఘమైన మరో రూపం. విభక్తి లేకుండా మామూలు బహువచనంతో నిలిచిన ఇంటిపేరు కోట్స్. ప్రెస్కాట్ అంటే పూజారి గుడిసె, కాల్డికాట్ అంటే చలిగుడిసె. చూడబోతే ఒక చిన్న పాక నుంచి పెద్ద బంధువర్గమే బయలుదేరింది.

తెలుగువారికి ఈ వ్యాకరణం కొత్త కాదు. కందుకూరు నుంచి వచ్చినవారు కందుకూరివారు, టంగుటూరు నుంచి వచ్చినవారు టంగుటూరివారు. ఊరు ఊరి అయినప్పుడు వచ్చి చేరిన ఇకారాన్ని మన వ్యాకర్తలు ఔపవిభక్తికం అన్నారు. వీరేశలింగం పేరు ముందు, ప్రకాశం పేరు ముందు ఆ ఇకారం ఎంత స్థిరంగా నిలబడిందో, కాటన్ చివరి నకారం అంత స్థిరంగా ఒక చెరిగిపోయిన విభక్తిని మోస్తున్నది. తేడా ఒకటుంది. మన ఇకారం ఇప్పటికీ జీవభాషలో పని చేస్తున్నది కాబట్టి దాని అర్థం మనకు తెలుస్తుంది. ఆంగ్లేయుల భాషలో ఆ విభక్తి చచ్చి ఎనిమిది వందల సంవత్సరాలు దాటింది కాబట్టి, తమ పేరులో ఒక ఊరి అడ్రసు దాగి ఉన్నదని వారికే తోచదు. ఎదురుగా కనబడే నూలు బట్ట మాత్రమే తోస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కాటన్ అనే ఊళ్లన్నీ గుడిసెల నుంచి పుట్టినవి కావు. స్టాఫర్డ్‌షైర్, చెషైర్, నార్తాంప్టన్ ప్రాంతాల కాటన్‌లకు పై వివరణ సరిపోతుంది. కాని తూర్పున సఫోక్‌లోని కాటన్ గ్రామం డూమ్స్‌డేలో కోడెటునా అని కూడా కనిపిస్తుంది. దానిని కొడ్డా అనే వ్యక్తి పేరుకు టూన్, అంటే పొలమూ ఇల్లూ కలిసిన వాడ, చేరగా ఏర్పడిన పేరుగా స్థలనామ పండితులు వివరిస్తారు. కొడ్డాగారి వాడ, ఎవరివో గుడిసెలు, రెండూ శతాబ్దాల వాడుకలో నలిగి ఒకే అక్షరాలకు వచ్చి చేరాయి. అందువల్ల ఈ ఇంటిపేరుకు అర్థమేమిటని అడిగితే ఒక్క జవాబు చెప్పడానికి వీల్లేదు. ఏ ఊరి కాటన్ అన్నది ముందు తేలాలి.

ఊరి పేరు మనిషికి ఎలా అంటుకొన్నదో చూస్తే ఈ చిక్కు ఇంకా స్పష్టమవుతుంది. 1066లో వచ్చిన నార్మన్ ప్రభువులు తమ జాగీర్ల పేర్లను వంశనామాలుగా తెచ్చుకొన్నారు. ఆస్తి తరతరాలకూ దక్కాలంటే పేరు తరతరాలకూ నిలవడం మేలని వారికి తెలుసు. సామాన్యులకు ఆ అవసరం ఆలస్యంగా వచ్చింది. జనాభా పెరిగింది, విలియం, జాన్, రాబర్ట్ లాంటి పది పన్నెండు పేర్లే ఊరంతా వాడుతున్నారు, న్యాయస్థానాల్లో, కౌలు పత్రాల్లో, పన్ను జాబితాల్లో ఏ జాన్ ఏ జానో తేల్చవలసి వచ్చింది. గుమాస్తా తండ్రి పేరో, పనో, ఒంటి తీరో, ఊరో చేర్చి రాశాడు. ఊరు చేర్చినప్పుడు లాటిన్‌లోనూ ఫ్రెంచిలోనూ 'డి' అనే మాట మధ్యలో పెట్టాడు. నార్విచ్ మఠంలో ఉండి ఇంగ్లండు చరిత్ర రాసిన సన్యాసి, 13వ శతాబ్ది చివరి దశకంలో మరణించిన బార్తొలొమ్యూ డి కాటన్ పేరులో కనబడేది ఆ డి. పత్తి కాదు, ఊరు అని చెప్పడానికి మనకున్న గట్టి సాక్ష్యం ఆ ఒక్క అక్షరమే. పత్తి అమ్మేవాడి పేరుకు ముందు డి పెట్టి ఎవరూ రాయరు.

గమనించవలసిన సంగతి మరొకటి: కాటన్ ఊళ్లో ఉన్నంతకాలం ఎవరినీ కాటన్ అని పిలవరు. ఊరంతా కాటన్‌వాళ్లే అయినప్పుడు ఆ పేరు ఎవరినీ గుర్తించడానికి పనికిరాదు. ఊరు విడిచి మరో చోట స్థిరపడినప్పుడే అది ఆనవాలు అవుతుంది. భూస్వామి అయితే మినహాయింపు. ఆయనకు ఊరే సొంతం కాబట్టి ఊళ్లోనే ఉండి ఆ పేరు పెట్టుకోగలడు. కనుక కాటన్ అనే ఇంటిపేరు కొందరి విషయంలో ఒక ఊరి మీద అధికారాన్ని సూచిస్తుంది, మరికొందరి విషయంలో ఆ ఊరిని వదిలి వెళ్లిన వలసను సూచిస్తుంది. రెండు పూర్తిగా విరుద్ధమైన చరిత్రలు ఒకే పేరు కింద దాగి ఉండగలవు. 1377 నుంచి 1381 వరకు మూడుసార్లు వేసిన తలపన్ను జాబితాలు వచ్చేనాటికి చాలా చోట్ల పేర్లు వంశపారంపర్యం అయిపోయాయి, 'డి' రాలిపోవడమూ మొదలైంది. 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాల, వివాహాల, ఖననాల పుస్తకం పెట్టే సమయానికి కాటన్ వట్టి కాటన్. ఏ ఊరు అన్న ఆచూకీ అప్పటికే పోయింది.

ఈ పేరు మోసినవారిలో నాకు అందరికంటె ఆసక్తి కలిగించే మనిషి సర్ రాబర్ట్ కాటన్. 1571లో హంటింగ్డన్‌షైర్‌లో పుట్టాడు. ఎనిమిదవ హెన్రీ రాజు మఠాలను మూసివేయించినప్పుడు చెల్లాచెదురైన వ్రాతప్రతులను ఏరి సేకరించడమే జీవితవ్రతం చేసుకొన్నాడు. గ్రంథాలయంలో బీరువాల మీద రోమన్ చక్రవర్తుల విగ్రహాలు నిలిపి, ఏ బీరువాలోని పుస్తకానికి ఆ బీరువా మీది చక్రవర్తి పేరుతో గుర్తు రాశాడు. ప్రాచీనాంగ్ల మహాకావ్యం బేవుల్ఫ్ నేటికీ 'కాటన్ విటెలియస్' అనే గుర్తుతోనే ఉంది. 1215 నాటి మాగ్నాకార్టాకు మిగిలిన నాలుగు ప్రతుల్లో రెండు ఆయన సేకరణవే. ఆ పత్రాల వల్ల రాజు అధికారానికి హద్దులున్నాయని వాదించేవారికి బలం చేకూరుతున్నదని 1629లో చార్లెస్ రాజు ఆ గ్రంథాలయాన్ని మూయించాడు. రెండేళ్లకు రాబర్ట్ కన్నుమూశాడు. దేశ చరిత్రకు ఇంత నిక్కచ్చిగా సాక్ష్యాలు పోగుచేసిన ఈ పెద్దమనిషి తన పేరు మధ్యలో మాత్రం బ్రూస్ అని చేర్చుకొన్నాడు. పూర్వం ఒక వివాహం ద్వారా తన కుటుంబానికి కోనింగ్టన్ ఎస్టేటుతో పాటు స్కాట్లండు రాజవంశపు రక్తమూ సంక్రమించిందని ఆయన గర్వం. 1603లో స్కాట్లండు రాజైన జేమ్స్ ఇంగ్లండు సింహాసనం కూడా ఎక్కాడు కాబట్టి ఆ చుట్టరికం అప్పుడు బాగా అక్కరకు వచ్చింది. గుడిసెల పేరు పక్కన రాజుల పేరు అలా వచ్చి కూర్చుంది. ఆయన సేకరణలో కొంతభాగం 1731లో అగ్నికి ఆహుతయింది. 1752లో ఆ వంశపు బారొనెట్ బిరుదు వారసుడు లేక అంతరించింది. మరుసటి సంవత్సరం స్థాపించిన బ్రిటిష్ మ్యూజియంలో ఆ గ్రంథాలయం మూలనిధులలో ఒకటయింది.

అదే కాలంలో మరో కాటన్ ఈ పేరును సముద్రం దాటించాడు. డెర్బీలో పుట్టిన జాన్ కాటన్ అనే ప్యూరిటన్ మతబోధకుడు 1633లో మాసచుసెట్స్‌కు వలస వెళ్లాడు. ఆయన కూతురు మేథర్ కుటుంబంలోకి కోడలుగా వెళ్లి, 1663లో పుట్టిన కొడుకుకు తన పుట్టింటి పేరునే సొంత పేరుగా పెట్టింది. మశూచికి టీకా వేయించాలని 1721లో బోస్టన్‌లో పోరాడిన కాటన్ మేథర్ ఆయనే. పెళ్లితో స్త్రీ ఇంటిపేరు మాయమయ్యే సమాజంలో పుట్టింటి పేరును నిలుపుకొనే దారి ఇది ఒక్కటే. కొడుకు సొంత పేరుగానో, మధ్య పేరుగానో దాచుకోవాలి.

మన కాటన్ దొర కుటుంబాన్ని అర్థం చేసుకోవడానికి ఈ మధ్య పేర్ల అలవాటే తాళంచెవి. చెషైర్, ష్రాప్‌షైర్ సరిహద్దులోని కాంబర్‌మియర్ మఠం భూములు 1539లో రాజు దయ వల్ల సర్ జార్జ్ కాటన్ చేతికి వచ్చాయి. ఆ వంశంవారు వేల్స్ ప్రాంతపు సాల్స్‌బరీ కుటుంబంతోనూ, జమైకా గవర్నరుగా చేసిన థామస్ లించ్ కుటుంబంతోనూ వియ్యమందారు. ఆ రెండు పేర్లూ ఇంట్లో ఎలా నిలిచిపోయాయంటే, ఆర్థర్ కాటన్ తాతగారి పేరు సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్. మూడు మాటలూ ఇంటిపేర్లే. తండ్రి పేరు హెన్రీ కాల్వ్‌లీ కాటన్. కాల్వ్‌లీ కూడా చెషైర్‌లోని ఒక ఊరి పేరే. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకొన్న సేనాపతి స్టేపుల్టన్ కాటన్ ఆర్థర్‌కు పెదతండ్రి వరుస వారి బిడ్డ. బెంగళూరులో, సిమ్లాలో పాఠశాలలకు పేరైన బిషప్ కాటన్ పూర్తి పేరు జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్. ఆ లించ్ అనే మాట చూడగానే ఈయనా కాంబర్‌మియర్ శాఖవాడే అని పోల్చుకోవచ్చు. కాటన్ అనే పేరు చూసి పోల్చుకోలేం.

ఎందుకు పోల్చుకోలేమో చెప్పడానికి మరో ప్రసిద్ధ కాటన్ ఉన్నాడు. 1845లో కుంభకోణంలో పుట్టి, అస్సాం చీఫ్ కమిషనరుగా చేసి, 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ పేరు మీద గువాహటిలో కాటన్ కళాశాల వెలిసింది. గోదావరి కాటన్‌కూ గువాహటి కాటన్‌కూ అన్నదమ్ముల బంధుత్వం ఉందని చాలామంది అనుకుంటారు. కాని హెన్రీ పూర్వికుల వరుస సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో వైద్యం చేసిన నథానియెల్ కాటన్ అనే 18వ శతాబ్దపు కవి నుంచి వచ్చింది. ఆ వైద్యుని కొడుకు ఈస్టిండియా కంపెనీలో నావికుడిగా, తరువాత డైరెక్టరుగా ఎదిగినందువల్ల ఆ కుటుంబం ఇండియాకు వచ్చింది. ఆర్థర్ కుటుంబం వచ్చినది సైన్యం దారిలో. ఒకే ఇంటిపేరు, ఒకే కాలం, ఒకే సామ్రాజ్యం. మార్గాలు మాత్రం వేరు.

అమెరికాలో ఈ పేరుకు వచ్చిన పరిస్థితి మరీ చిత్రమైనది. అక్కడి దక్షిణాది రాష్ట్రాలలో పత్తి ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక, బానిసత్వానికి ప్రాణాధారం. 1865లో విముక్తి పొందిన నల్లజాతివారిలో కొందరు పాత యజమానుల ఇంటిపేర్లను ఉంచుకొన్నారు, కొందరు తమకు నచ్చినవి ఎంచుకొన్నారు. కాటన్ అనే పేరున్న కుటుంబాలు వారిలోనూ ఉన్నాయి. మిసిసిపీ డెల్టాలో, పత్తి చేల మధ్య ఉన్న టూనికాలో 1935లో పుట్టిన బ్లూస్ హార్మోనికా కళాకారుడు జేమ్స్ కాటన్ పేరు వింటే, పత్తికీ పేరుకూ సంబంధం లేదని ఎవరు నమ్ముతారు? నిఘంటువు ప్రకారం లేదు. ఆ పేరు పలికేవారి అనుభవంలో ఉంది. ఒక ఇంటిపేరు పుట్టుకను మాత్రమే చెప్పి ఆగిపోయే పుస్తకాలు ఈ రెండో భాగాన్ని తరచుగా వదిలేస్తాయి. అది లోపమే అని నా అభిప్రాయం. పేరు అంటిన తరువాత దాని మీద పేరుకొన్న అర్థాలు కూడా చరిత్రలో భాగమే.

ఒకే ఇంటిపేరు గలవారంతా ఒకే రక్తమా అన్న ప్రశ్నకు ఇప్పుడు జన్యుశాస్త్రం కొంత జవాబు చెబుతున్నది. తండ్రి నుంచి కొడుకుకు ఇంటిపేరు లాగే సంక్రమించే వై క్రోమోజోమును లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పోల్చి చూసినప్పుడు, ఆటెన్‌బరో లాంటి అరుదైన పేరు గలవారిలో అధికశాతం ఒకే పూర్వికుని సంతతి అని, స్మిత్ లాంటి సాధారణమైన పేరు గలవారిలో అటువంటి ఏకత్వం లేదని తేలింది. కాటన్ స్మిత్ అంత సర్వసాధారణం కాదు, ఆటెన్‌బరో అంత అరుదూ కాదు. పైగా ఆ పేరుగల ఊళ్లు పలు జిల్లాల్లో ఉన్నాయి, ప్రతి ఊరి నుంచి ఎందరెందరో వేర్వేరు కాలాలలో బయటికి నడిచారు. అందుకే ఈ ఇంటిపేరు గల మనిషి ఎవరైనా తన మూలం వెదుక్కోదలచుకొంటే పేరు అర్థంతో మొదలుపెట్టి లాభం లేదు. తన తాత నుంచి ఒక్కొక్క తరం వెనక్కి నడిచి, చర్చి పుస్తకాలలో, వీలునామాలలో, కౌలు పత్రాలలో ఆ కుటుంబం మొట్టమొదట కనబడిన జిల్లాను పట్టుకోవాలి. ఆ జిల్లాకు చుట్టుపక్కల కాటన్, కోటన్ అనే ఊరు ఏదైనా ఉన్నదేమో అప్పుడు చూడాలి. మధ్యయుగంలో ఊరు విడిచిన రైతు సాధారణంగా పొరుగు గ్రామానికో, దగ్గరి సంత పట్టణానికో వెళ్లేవాడు కాబట్టి ఆ వెతుకులాట తరచుగా ఫలిస్తుంది. స్టాఫర్డ్‌షైర్ వైపు తేలితే గుడిసెలు, సఫోక్ వైపు తేలితే కొడ్డాగారి వాడ.